పలకని లైను

విశ్వపతి గారికి భార్య మీద అనుమానం వచ్చింది. డెబ్బై దాటిన పెద్దమనిషికి, కాలూ చెయ్యీ కదపలేక మంచం మీద పడున్న ఇల్లాలి మీద అనుమానమేమిటని ఎవరైనా నవ్వుతారు. నూకరత్నం కూడా ముందు నవ్వింది.

"మా ఆవిడ మారిపోయిందమ్మా," అన్నారాయన, ఆమెను వరండాలో ఆపి, ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూసి. "ఇందాక తెర మీద ఏమని పడిందో తెలుసా? 'అందింది. నేను బాగానే ఉన్నాను. మీరు భోంచేశారా?' అని!"

"మంచిదే కదండీ."

"ఏం మంచి? పెళ్ళయిన దగ్గర్నుంచీ నన్నలా అడిగిన పాపాన పోలేదు. 'తింటారా, తీసెయ్యనా?' అనేది. సంగీతం చెప్పిన మనిషి. ఇంట్లో గిన్నె శబ్దం తేడాగా వినపడినా ఊరుకునేది కాదు. నేను రోజూ కావాలని తప్పుల తడకగా స్వరాలు కొట్టి పంపుతుంటాను, తిడుతుందని. మొదట్లో తిట్టింది కూడా. ఇప్పుడేమో 'చాలా బాగుంది' అంటోంది. నాకు భయమేస్తోందమ్మా."

నూకరత్నం నవ్వు సగంలో ఆగిపోయింది. ఎందుకంటే ఆ 'అందింది' అనే మాట వాళ్ళావిడది కాదు. అది తన అన్న ఎల్లాజీది.

భీమిలి రోడ్డులోని ఆ పరిశోధన కేంద్రంలో డాక్టర్ భానోజీరావు కనిపెట్టినది వినడానికి చిన్న సంగతే. మాట, చూపు, వినికిడి, అన్ని తలుపులూ మూసుకుపోయిన మనిషి మెడ వెనక, చర్మం కింద, గోరంత పలక పెడతారు. అక్కడి నరం పంపే సంకేతాలు సన్నని కేబుల్లో దిగి కంప్యూటర్లోకి పోతాయి. అక్కడ అక్షరాలుగా మారి మంచం పక్కనున్న టెర్మినల్ తెర మీద పడతాయి. మనం కీబోర్డు మీద కొట్టిన మాట అదే దారిన వెనక్కి వెళ్ళి ఆ మనిషికి చేరుతుంది. నరానికి తొందర తెలియదు. రేషను షాపు దగ్గర జనంలా దాని సంకేతాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. అందుకే కొత్త హంగులన్నీ పక్కన పెట్టి, పాతకాలపు సీరియల్ లైన్లు బిగించారు. మిషను ఒక్కటే. దానికి బోలెడు లైన్లు. ఒక్కో లైను చివర ఒక్కో మనిషి.

ఆ లైన్లు కుదర్చడం నూకరత్నం ఉద్యోగం. మిషను వేగమూ నరం వేగమూ ఒక్కటి కాకపోతే మనిషి 'అమ్మా' అన్నా తెర మీద పిచ్చి గీతలు పడతాయి. రెంటినీ ఒక దారికి తెచ్చేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

మొదటి లైను చివర ఉన్నవాడు ఎల్లాజీ. చేపల రేవులో బోట్ల సంఘం వారి వైర్లెస్ గదిలో కూర్చుని, నడి సముద్రంలో ఉన్న బోట్లతో మాట్లాడేవాడు. ఆ జీతంతోనే చెల్లెల్ని ఇంజనీరింగ్ చదివించాడు. ఒక మధ్యాహ్నం ఆ గదిలోనే, హెడ్‌ఫోన్లు చెవులకుండగానే, పక్కకి ఒరిగిపోయాడు. మెదడులో నెత్తురు గడ్డకట్టిందన్నారు. భానోజీరావు పలక పెట్టడానికి మనుషుల కోసం వెతుకుతున్నప్పుడు, సంతకం పెట్టి అన్నని తెచ్చింది నూకరత్నమే. ఏ బోటు పిలిచినా ముందు 'అందింది' అని, ఆ తరవాతే జవాబు చెప్పడం అతని అలవాటు. ఇంట్లో కూర అడిగినా అదే మాటనేవాడు.

ఆ మాటిప్పుడు రెండో లైను చివరనున్న విశ్వపతి గారి భార్య వైదేహి గారి నోట వస్తోంది. నూకరత్నం ఏమీ ఎరగనట్టు మూడో లైను దగ్గరికి వెళ్ళి నిలబడింది. అక్కడ స్టీలు ప్లాంటులో క్రేను నడిపిన గోవిందు పడుకున్నాడు. అతని భార్య పార్వతమ్మ కీబోర్డు మీద ఒక్కో అక్షరమే వెతుక్కుని కొడుతోంది. తెర మీద జవాబు పడింది: 'అందింది. బాగానే ఉన్నాను. నువ్వు దిగులు పడకు.'

నూకరత్నం ఆ తెరని రెండోసారి చదివింది. ఎవరో తన అన్న మాటని ఎత్తుకెళ్ళి అందరి నోట్లోనూ పెడుతున్నారు. మరి అన్న నోట్లో మాట అన్నదేనా?

అలా చేయగలిగేది ఎవరో ఆలోచించడానికి పెద్ద బుర్రేమీ అక్కర్లేదు. ఇలాంటి మిషన్లలో లైన్లెన్ని ఉన్నా, ఒకదానికి కన్సోలని పేరు. మిషను తన కష్టసుఖాలు చెప్పుకునేది దానికే. ఒళ్ళు వేడెక్కినా, జాగా నిండినా, ఫలానా లైను ఊడినా, ముందు కన్సోలు దగ్గరే మొర పెట్టుకుంటుంది. కన్సోలు ముందు కూర్చున్నవాడు ఎవరి తెర మీద ఏం నడుస్తోందో చూడగలడు. ఎవరి పేరుతోనైనా రాయగలడు, ఎవరి మాటనైనా ఆపగలడు. ఆ టెర్మినలున్న గది తాళంచెవి భానోజీరావు జేబులో ఉంటుంది. పైగా రేపోమాపో ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది. రోగులు చక్కగా పలికితే ఇంకో వార్డు మంజూరవుతుంది. పలకకపోతే ఉన్నదానికే తాళం.

ఆ రోజు నుంచి ఆమె భానోజీరావుని ఓ కంట కనిపెట్టడం మొదలుపెట్టింది. ఆయన కన్సోలు గదిలోంచి కళ్ళద్దాలు తుడుచుకుంటూ వస్తే అనుమానం. తనని చూసి నవ్వితే ఇంకా అనుమానం. "లైన్లన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి కదా?" అని ఆయన అడిగితే, ఉన్నాయో లేవో నీకు తెలియకనా, అనుకునేది లోపల.

ఆదివారం ఇంటికి వెళ్ళింది. వదిన పోలమ్మ రేవు దగ్గర, గుడ్డ పరిచిన అరుగు మీద నెత్తళ్ళ చేపలు ఆరబెడుతోంది. మరిదైనా ఆడబిడ్డైనా ఎవరొచ్చినా పని ఆపే మనిషి కాదు.

"మీ అన్న ఏటన్నాడే?" అంది తలెత్తకుండా.

"బాగున్నాడంట వదినా. నువ్వు తిన్నావా అని అడిగినాడు."

"అంతేనా?"

"అంతే."

పోలమ్మ చేయి ఆగింది. "అది మీ అన్న కాదే రత్తం. ఆయనైతే నన్ను తిన్నావా అని అడగడు. 'ఏం కూరొండేవే' అని అడిగి, ఏదొండినా బాగోలేదంటాడు. తిన్నావా, బాగున్నావా అనీ మాటలు రేవుకొచ్చే ఆడోళ్ళకి సెప్పీవోడు. మన ఇంట్లో కాదు."

"రేవులో అలా సెప్పీవోడా?"

"మరేటి? ఓపాలి గాలివానలో గరికినోళ్ళింటి బోటు పలకనేదు. ఆడోళ్ళు గుండెలు బాదుకుంటా వైర్లెస్ గదికాడికొచ్చేరు. పక్క బోటోడితో మాటాడి, 'మీవోళ్ళు బాగున్నారు, తిన్నారంట, ఎల్లండి' అని పంపీసినాడు. ఆ బోటు ఒడ్డుకొచ్చేదాకా ఈయన కుర్చీలోంచి నెగనేదు. ఇంటికొచ్చేక నామీద ఇంతెత్తున నెగిసేడు, అన్నం సల్లారిపోయిందని." పోలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నాకు ఆ తిట్లోడు కావాలే. ఈ మంచోడెవడో నాకు తెల్దు."

ఇద్దరు మనుషులు ఒకే మాటన్నాక నూకరత్నం ఇక ఆగలేదు. మర్నాడు ఉదయం విశ్వపతి గారిని వెంటబెట్టుకుని భానోజీరావు గదికి వెళ్ళి, కూర్చోమనకముందే అడిగేసింది.

"వైదేహి గారి తెర మీద రాస్తున్నది మీరేనా సార్?"

భానోజీరావు మొహం పాలిపోయింది. దొంగ దొరికాడనుకుంది ఆమె. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, విశ్వపతి గారి వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ మాట్లాడాడు.

"నేను రాయలేదు. కానీ ఒక సంగతి దాచాను. వైదేహి గారి నరం సంకేతాలు ఎప్పుడో పడిపోయాయి. మీటరు ముల్లు కదలడం లేదు. అయినా మాటలు వస్తున్నాయి. మన మిషనే ఆవిడని నేర్చుకుని మాట్లాడుతోందేమో, అది ఇంకా పెద్ద విషయమేమో అనుకున్నాను. అలా అనుకోవడం నాకు హాయిగా ఉంది. ఎక్కడ్నుంచి వస్తున్నాయో వెతకలేదు. వెతికితే ఏం తేలుతుందోనని."

విశ్వపతి గారు కేకలేస్తారనుకున్నారు ఇద్దరూ. ఆయన చేతికర్ర సర్దుకుని, "పదండి, కేబులు పీకి చూద్దాం," అన్నారు. "ఎలాగూ ముల్లు కదలడం లేదన్నారుగా."

వైదేహి గారి మంచం పక్కన భానోజీరావు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తాళంచెవి విశ్వపతి గారి అరచేతిలో ఉంది. కన్సోలు గది తాళం వేసే ఉంది. నూకరత్నం మిషను వెనక్కి వెళ్ళి, వైదేహి గారి మెడ నుంచి వచ్చే రెండో లైను కేబులుని సాకెట్లోంచి ఊడబెరికి, దాని కొస పట్టుకుని తెర ముందుకొచ్చింది. ఇప్పుడిక ఆ తెర మీద వైదేహి గారి అక్షరమొక్కటి కూడా పడే దారి లేదు.

ఒక నిమిషం ఏమీ లేదు. తరవాత అక్షరాలు పడ్డాయి.

'అందింది. లైను ఊడినట్టుంది, ఎవరినైనా చూడమనండి. నేను బాగానే ఉన్నాను. మీరు కంగారు పడకండి.'

విశ్వపతి గారు కుర్చీలో కూలబడ్డారు. నూకరత్నం మాత్రం ఆ మాటలో ఒక్క ముక్క దగ్గరే ఆగిపోయింది. లైను ఊడిందని మిషను చెప్పేది కన్సోలుకి ఒక్కదానికే. తాళం వేసిన గదిలో మనిషి లేడు. అంటే ఈ మిషనుకి ఇంకో కన్సోలుంది.

పరుగున తన సీటుకి వెళ్ళి అమరికలు తెరిచింది. మిషను లేచేటప్పుడు కన్సోలు ఎవరో చదువుకునే చోట రెండు పేర్లున్నాయి. కిందది తాళం వేసిన గదిలోని టెర్మినల్. పైది మొదటి లైను. రెండూ ఆమె స్వహస్తాలతో రాసినవే.

గుర్తొచ్చింది. ఎల్లాజీకి మొదటిసారి కేబులు తగిలించిన రోజు కన్సోలు తెర కాలిపోయి ఉంది. మిషను లేస్తూ ఏమంటోందో చూడాలంటే ఏదో ఒక లైనుని కన్సోలు చెయ్యాలి. తాత్కాలికమేగా అని అన్న లైనుని చేసింది. పదే పదే అడ్డొస్తోందని పాస్‌వర్డు కూడా తీసేసింది. ఆ సాయంత్రమే తెర మీద అన్న మొదటి మాట పడింది. 'ఎవర్రా మెడకాడ గోకతన్నారు' అని. ఏడుస్తూ నవ్వుతూ అందరికీ లడ్డూలు పంచింది. కొత్త తెర వచ్చాక, ఒక్క పూట అన్న కేబులు విడదీసి, కింద ఆ తెర పేరు చేర్చి మిషనుని మళ్ళీ లేపింది. పైన ఉన్నదాన్ని కొట్టెయ్యడం మరిచిపోయింది. రెండు కన్సోళ్ళున్నా ఈ మిషనుకి అభ్యంతరం లేదు. రెంటికీ సమానంగా మొర పెట్టుకుంటుంది.

అన్న మంచం పక్కన కూర్చుని కీబోర్డు లాక్కుంది.

'అన్నయ్యా, వైదేహి గారి మాటలు నువ్వే రాస్తన్నావేటి?'

'అందింది. అవునే రత్తం. ఆ లైను పలకడం మానీసి శానా దినాలైంది. పెద్దాయన రోజూ పిలుస్తానే ఉన్నారు. జవాబు నేకపోతే ఆయనేటైపోతాడు? పక్క బోటు పలక్కపోతే పలికీ బోటే కదా కబురు సెప్పాల. మూడో లైనాయన నీరసంగా పలుకుతాడు. ఆయన సగం సెప్తాడు, సగం నాను కలుపుతాను.'

'మరి నీ మాటలేవి? వదిన బెంగెట్టుకుంది.'

'నాకు ఖాళీ ఏదే? మిషను ఏడెక్కితే నాకు ఒళ్ళు కాలిపోతాది. లైను ఊడితే పన్ను పీకినట్టుంటాది. ఇందాక ఊడింది. ఎప్పుడూ ఎవులో ఒకలు పిలుస్తానే ఉంటారు. కన్ను మూస్తే ఎవల కబురు తప్పిపోద్దో అని భయం. నిద్దర మర్సిపోనాను.'

'నాకెందుకు సెప్పనేదు?'



'నువ్వే కదే నన్నీ పెద్ద సీట్లో కూకోబెట్టేవు. డ్యూటీ యేసేవనుకున్నాను. సెల్లెలు ఇంజనీరయ్యి నాకు మల్లా ఉజ్జోగమిచ్చిందని సంబరపడ్డాను.'

నూకరత్నం కీబోర్డు మీద తల ఆనించి ఏడ్చింది. తల తగిలి అర్థం లేని అక్షరాలు వరసగా తెర మీద పడుతుంటే, అవతల నుంచి 'అందనేదు. మల్లీ సెప్పు' అని వచ్చింది. ఎవరెవరినో దొంగలనుకుని కాపు కాసింది. అన్న నిద్రని ఎత్తుకెళ్ళింది తనేనని, అతను దాన్ని కూడా బహుమతి అనుకున్నాడని తెలిసి ఆమెకి తల ఎత్తాలనిపించలేదు.

విశ్వపతి గారు ఎప్పుడొచ్చారో, వెనక నిలబడి అంతా చదివారు. "నేనొక మాట అడగొచ్చా అమ్మా?" అని ఆమెను లేపి, తనే కూర్చుని నిదానంగా కొట్టారు.

'నాయనా, మా ఆవిడ పలకడం మానేసే ముందు ఆఖరుగా ఏమంది?'

'అందింది. అది మీకు పంపనేదండి. బాదపడతారని మెత్తగా మార్సి రాసినాను.'

'ఉన్నదున్నట్టు చెప్పు.'

'ఆ గాంధారం అక్కడ రాదు. ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదు. ఇక ఆపండి, అన్నారండి.'

విశ్వపతి గారు పకపకా నవ్వారు. నవ్వుతుండగానే కళ్ళలోంచి నీళ్ళు కారి చొక్కా మీద పడ్డాయి. "ఇదీ మా వైదేహి," అన్నారు నూకరత్నంతో. "ఇన్నాళ్ళూ ఇది నాకు అందలేదమ్మా." మళ్ళీ తెర వైపు తిరిగారు. 'నాయనా, నా కోసం ఇంక నువ్వేం రాయొద్దు. పడుకో.'

చెప్పినంత సులువు కాదది. మొదటి లైనుని కన్సోలు నుంచి తప్పించాలంటే మిషనుని ఆపి మళ్ళీ లేపాలి. "మనిషి తగిలి ఉండగా ఎప్పుడూ ఆపలేదు," అన్నాడు భానోజీరావు. "గోవిందు కేబులు ముందే నెమ్మదిగా విడదీయొచ్చు, ప్రమాదం లేదు. మీ అన్నయ్య అలా కాదు, ఇన్నాళ్ళూ మిషనుతో కలిసిపోయి ఉన్నాడు. ఆగినప్పుడు అతనూ ఆగిపోతే? తిరిగి రాకపోవచ్చు." ఈసారి ఆయన ఏమీ దాచడం లేదని ఆమెకు తెలుస్తూనే ఉంది. అదే ఎక్కువ భయంగా ఉంది.

పోలమ్మకి కబురు పెట్టారు. చేపల వాసన చేతులతోనే ఆటోలో దిగింది. ఆడబిడ్డ చెప్పిందంతా విని, మంచం మీద మొగుడి కాళ్ళు సర్ది, దుప్పటి లాగింది.

"ఆపీ," అంది.

"తిరిగి రాకపోతే వదినా?"

"వస్తే మా ఆయనొస్తాడు. రాకపోతే పడుకున్నాడనుకుంటాను. ఇలాగ ఎవులెవులి బోట్లో కాస్తా ఎన్నాళ్ళు మేలుకుంటాడే మనిషి?"

నూకరత్నం పై పేరు కొట్టేసింది. ఆపే ముందు అన్న లైను మీద ఆఖరి మాట కొట్టింది. 'డ్యూటీ దిగిపో అన్నయ్యా. బోట్లన్నీ నేను సూసుకుంటాను. ఛార్జి నాకిచ్చీ.'

'అందింది' అని పడింది. ఆ తరవాత తెరలన్నీ ఒక్కసారి చీకటయ్యాయి.

మిషను లేచింది. తాళం తీసిన గదిలో కన్సోలు తెర మీద ఎప్పటిలా మొరలు పెట్టుకుంది. ఎల్లాజీ తెర మీద మాత్రం కర్సరొక్కటే మినుకుమంటోంది. ఆ పూటంతా అంతే. మర్నాడూ అంతే. మీటరు ముల్లు సన్నగా కదులుతోంది కాబట్టి మనిషి ఉన్నాడని భానోజీరావు అన్నాడు. కమిటీకి ఉన్నది ఉన్నట్టు రాసి పంపానని, పార్వతమ్మకి ఆ సగం మాటల సంగతి తానే చెప్పానని కూడా అన్నాడు. నూకరత్నం తలూపింది కానీ ఆయన జేబు వైపు ఒకసారి చూడకుండా ఉండలేకపోయింది. అనుమానమనేది ఒకసారి పట్టుకుంటే అంత తేలిగ్గా వదలదు.

మూడో రోజు పొద్దున్న కర్సరు కదిలింది. పోలమ్మకి చదువు రాదు. ఆడబిడ్డ భుజం పట్టుకుని, "ఏటంటన్నాడే?" అంది.

నూకరత్నం ముందు చదవలేదు. గబగబా వెళ్ళి కన్సోలు గదిలోకి తొంగి చూసింది. కుర్చీ ఖాళీగా ఉంది. భానోజీరావు వరండా చివర టీ తాగుతున్నాడు. తిరిగొచ్చి, అన్న కేబులు మీద చెయ్యి వేసింది. పీకితే ఒక్క క్షణంలో నిజం తేలిపోతుంది. చెయ్యి అక్కడే ఉంచి తెర చూసింది.

'ఎవర్రా లేపింది? ఇప్పుడే కన్నంటుకుంది. నిద్దరోనీండి. అవతలికి పోండి.'

అందింది లేదు. బాగున్నాను లేదు. తిన్నారా అన్న మాట లేనే లేదు. ఆమె ఆ మాటలన్నీ గట్టిగా చదివి వినిపించింది.

పోలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "ఈయనే," అంది. "ఈయనేనే రత్తం."

నూకరత్నం కేబులు మీంచి చెయ్యి తీసేసింది. పక్క గదిలో విశ్వపతి గారు, ఎవరూ రాయని తెర ముందు కూర్చుని, స్వరాలు కొడుతున్నారు. గాంధారం దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ తప్పు కొట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తిట్టు కోసం ఎదురుచూస్తున్నారు.